ముందు చూసినవాడు

పెంతెకొస్తు రోజున పేతురు యెరూషలేములో చేసిన ప్రసంగం అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయంలో ఉంది. 25వ వచనంలో దావీదు ప్రభువును ఎప్పుడూ తన ఎదుటే చూస్తూ ఉన్నాడు. 31వ వచనానికి వచ్చేసరికి అదే దావీదు క్రీస్తు పునరుత్థానాన్ని ముందుగానే చూశాడని పేతురు అంటాడు. తెలుగులో చదువుకుంటూ పోతే రెండూ వేరే సంగతుల్లా ఉంటాయి. గ్రీకులో రెండుచోట్లా ఒకటే క్రియ, ప్రొఒరావో.

ఇది చాలామంది కంటపడకపోవడానికి కారణం ఉంది. 1890లో వచ్చిన జేమ్స్ స్ట్రాంగ్ బైబిలు పదసూచికలో ఈ క్రియకు రెండు నంబర్లు పడ్డాయి, 4275, 4308. కాలం మారితే దీని ధాతువే మారిపోతుంది, మనం ‘వచ్చాడు’ అని, కాదంటే ‘రాలేదు’ అన్నట్టు. ఒక్క నంబరు పట్టుకుని ఫోన్లో వెతికితే సగమే దొరుకుతుంది. రెండూ కలిపితే కొత్త నిబంధనలో నాలుగు చోట్లు. మలేషియాలోని క్లాంగ్‌లో మా ఆదివారం కూడికకు వాక్యం సిద్ధం చేసుకునేటప్పుడు ఆ నాలుగూ చేత్తో రాసుకుంటాను. ఒక మాటకు అర్థం చెప్పబోయే ముందు అది వాడిన ప్రతి చోటూ చదవాలి, మహిమ కనబడే చోట్లతో పాటు మామూలు చోట్లూ.

మామూలు చోటు అదే అపొస్తలుల కార్యములు 21వ అధ్యాయం, 29వ వచనం. ఆసియా నుంచి వచ్చిన యూదులు అంతకుముందు పట్నంలో పౌలు పక్కన ఎఫెసువాడైన త్రోఫిమును చూశారు. ఆ చూడటానికీ ఈ క్రియే. చూసింది పట్నంలో. పౌలు అతన్ని దేవాలయంలోకి తెచ్చాడన్నది మాత్రం వాళ్ల ఊహ. ఆ ఊహకే ఊరంతా లేచి పౌలును చంపబోయింది. ఆలయ ఆవరణలో త్రోఫిములాంటి అన్యులు, అంటే యూదులు కానివాళ్లు, దాటకూడని అడ్డుగోడ ఉండేది. దాటినవాడి చావుకు వాడే బాధ్యుడని గ్రీకులో చెక్కిన రాయి 1871లో దొరికింది, ఇప్పుడు ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది.

మలేషియాలో ఉండేవాళ్లకు ఆ రాయి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ‘కవాసన్ లారంగన్’, అంటే నిషేధిత ప్రాంతం, అన్న ఎర్రబోర్డు అందరం చూసిందే. తుపాకీ గురిపెట్టిన కాపలావాడు, ఎదురుగా చేతులెత్తిన మనిషి, కింద తమిళంతో సహా పలు భాషల్లో హెచ్చరిక. పరాయివాడు వీధిలో కనబడితే చాలు, మిగతా కథ చూసినవాళ్లే అల్లుకుంటారని పనికోసం ఈ దేశం వచ్చినవాళ్లకు బాగా తెలుసు. త్రోఫిము పేరు చదివినప్పుడు మా కూడికలో వెనక కూర్చునే కుర్రాళ్లు కూడా తలెత్తి విన్నారు.

ఎదుట చూడటం, అంతకుముందు చూడటం, రాబోయేది చూడటం, మూడింటికీ ఆ ఒక్క క్రియే. మలయు భాషలో ‘దెపన్’ అంటే ఎదుట. ‘తాహున్ దెపన్’ అంటే వచ్చే ఏడాది. గడిచిపోయినదానికి మాత్రం ఆ మాట పనికిరాదు. మన ‘ముందు’ మూడింటికీ సరిపోతుంది. కళ్ల ముందు, నిన్నటికి ముందు, ముందు ముందు. ఆ గ్రీకు క్రియ మోసే బరువంతా మోయగల మాట మన నోట్లోనే ఉండటం నాకెంతో సంతోషం.

కూడిక అయ్యాక, ముందు చూసి చెప్పమని ఎవరో ఒకరు ఆగుతారు. ‘అన్నా, ఈ ఏడు పర్మిట్ రెన్యూ అవుతుందంటారా? నా గురించి దర్శనంలో ఏమైనా కనబడిందా?’ ఆ భయం చిన్నది కాదు. ఆ పర్మిట్ మీద ఇక్కడి తిండీ అక్కడి అప్పూ రెండూ ఆధారపడి ఉంటాయి. కాబట్టే ఆ ప్రశ్నకు ‘అవుతుంది తమ్ముడూ, నాకు కనబడింది’ అనడం పాపమని నా నమ్మకం. కలిసి ప్రార్థన చేస్తాను, కాగితాలు చూస్తాను, తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్తాను. చూడనిది చూశానని చెప్పను.

ఎందుకంటే దావీదు చూపుకు ఆధారం ఏమిటో పేతురు 30వ వచనంలోనే చెప్పాడు. అతని సంతానంలో ఒకణ్ణి సింహాసనం మీద కూర్చోబెడతానని దేవుడు ప్రమాణం చేశాడు, అది దావీదుకు తెలుసు. ఆ ప్రమాణాన్ని పట్టుకుని ముందుకు చూశాడు. పేతురు ఎత్తి చెప్పిన 16వ కీర్తన హీబ్రూలో, ఎదుట ఉంచుకున్నాను అని ఉంటుంది. గ్రీకులోకి తెచ్చినవాళ్లు దాన్ని చూస్తూ ఉన్నాను అన్నారు, అదీ ఆగకుండా సాగే కాలంలో. రోజూ ఎదుట ఉంచుకుని చూసినవాడే 31వ వచనంలో రాబోయేదాన్ని చూశాడు. ఆరు వచనాల దూరంలో ఒకే క్రియ రెండుసార్లు రావడం యాదృచ్ఛికమని నేననుకోను.

నాలుగోది గలతీయులకు రాసిన పత్రిక మూడో అధ్యాయం, ఎనిమిదో వచనం. అక్కడ ముందు చూసింది లేఖనం. దేవుడు అన్యజనులను విశ్వాసం వల్ల నీతిమంతులుగా ఎంచుతాడని చూసి, అబ్రాహాముకు ముందే సువార్త చెప్పింది. అన్యజనులంటే త్రోఫిములాంటివాళ్లే, ఆ అడ్డుగోడ దాటితే చావే అనిపించుకున్నవాళ్లు. వచ్చే ఆదివారం చదవబోయేది అదే వచనం.