ఆ బంగారం ఎవరిది?

1971లో పద్మాలయా వారి ‘మోసగాళ్ళకు మోసగాడు’ చూసి ఈలలు వేసినవాళ్ళు మన సంఘంలోనూ ఉన్నారు; పేర్లు చెప్పను. కృష్ణగారు 2022లో పోయారు. మరుసటి ఏడు మే 31న, ఆయన పుట్టినరోజుకు, ఆ సినిమా మళ్ళీ థియేటర్లకు వచ్చింది. ఇంగ్లీషు సినిమాలకు కాపీ అన్న పాత మాటా వెంటే వచ్చింది.

టోపీలు, తుపాకులు కాపీయే, కాదనను. రాజస్థాన్ ఇసుక అరిజోనాకు బదులు. కాని రచయిత ఆరుద్రగారు ముఖ్యమైనదొకటి మార్చారు: బంగారం ఎవరిదన్న సంగతి.

1969 నాటి ‘మెకెన్నాస్ గోల్డ్’ చూడండి. మెకెన్నా పటాన్ని కాల్చేస్తాడు. దారి అతని తలలోనే ఉంది గనుక కొలరాడో ముఠా అతన్ని బందీగా లాక్కుపోతుంది. తర్వాత వచ్చి చేరేవాళ్ళు దొంగలు కారు; పత్రికా సంపాదకుడు, మతబోధకుడు, దుకాణదారు. బంగారం అనగానే పరువు మరిచి గుర్రమెక్కుతారు. సినిమాలో గొప్ప ఘట్టం ఇదే. అపాచీల బంగారం మీద వీళ్ళెవరికీ హక్కు లేదు. చివరకు కొండలు కూలతాయి. అయినా హీరో గుర్రం సంచుల్లో, అతనికి తెలియకుండానే, కొంత బంగారం మిగులుతుంది! నీతి చెప్పి కమీషన్ పుచ్చుకున్నట్టుంది.

ఆరుద్రగారి నిధి అమరవీడు సంస్థానానిది, తెల్లవాళ్ళకు చిక్కకుండా దాచినది. దాంతో హీరో వేట దేశభక్తి అయిపోయింది. ఆశ మాత్రం నక్కజిత్తుల నాగన్న వాటాకు వచ్చింది. నాగభూషణం పూటకో పక్షం మారుస్తుంటే నవ్వుతాం. నాకైతే ఆ ఎడారిలో నిజం ఒప్పుకున్నవాడు అతనొక్కడే అనిపిస్తుంది.

ఈ రెండు సినిమాలూ హీరోను ఆశ నుంచి తప్పించాయి. 1948లో జాన్ హ్యూస్టన్ తీసిన ‘ట్రెజర్ ఆఫ్ ది సియెరా మాద్రె’ ఎవరినీ తప్పించలేదు. కలిసి తవ్వినవాళ్ళే ఒకరినొకరు అనుమానిస్తారు. బందిపోట్లు బంగారు రజనును ఇసుక అనుకొని పారబోస్తారు, గాలి ఎత్తుకుపోతుంది. ముసలి హోవర్డ్ విరగబడి నవ్వుతాడు.

సినిమాగా నా ఓటు దీనికే. కాని మన కథకు దగ్గర ఆరుద్రగారిదే. “అమ్మానాన్నల కోసం, పిల్లల కోసం” అంటూ మనమూ ఇంత దూరం వచ్చాం. అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు. మనలోని నాగన్నకు కూడా ఒక వాటా ఉందని ఒప్పుకుంటే, ఈ సినిమా ఇంకోసారి చూడబుద్ధవుతుంది.