జాడీ నేర్పిన ముఖం

మన సభల్లో ఔత్సాహిక చిత్రకారులకు గోడ దొరుకుతుంది గానీ విమర్శ దొరకదు. కాఫీ కప్పు చేత్తో పట్టుకుని అటుగా వెళ్తూ "చాలా బాగా వేశారండీ" అనేస్తాం. ఆ మాట ఎవరినీ నొప్పించదు, ఎవరికీ ఉపయోగపడదు. ఉద్యోగం, వంట, పిల్లల చదువులు అన్నీ అయ్యాక రాత్రిపూట కుంచె పట్టే మనిషి బొమ్మని నిదానంగా చూసి, కుదిరిందేదో కుదరందేదో చెప్పడమే అసలు మర్యాద అని నా అభిప్రాయం.

ఇక్కడ అమెరికాలో పదిహేనేళ్ళుగా బొమ్మలు వేస్తున్న ఒక మిత్రురాలి చిత్రాలు పన్నెండు ఈమధ్య వరసగా చూశాను. పేరు రాయవద్దన్నారు. అన్నీ చిన్నవే, ఎనిమిది అంగుళాలకు పది. టర్పెంటైన్ వాసన ఇంట్లో పడదు కనుక అన్నీ యాక్రిలిక్ రంగులే. ఏడింటిలో వంటింటి వస్తువులు, ఐదింటిలో ఇంట్లోవాళ్ళ ముఖాలు.

వస్తువుల్లో ఆవకాయ జాడీ అన్నిటికన్నా బాగుంది. జాడీ పైసగం గోధుమరంగు, కిందిసగం తెలుపు. ఆ తెలుపు ట్యూబులోంచి తీసి పూసిన తెలుపు కాదు. కిటికీ వైపు కాస్త నీలం, పక్కనున్న నిమ్మకాయ వైపు కాస్త పసుపు. ఊరి జ్ఞాపకమంటూ మన చేత కన్నీళ్ళు పెట్టించే ప్రయత్నం లేదు. జాడీ బరువు తెలుస్తుంది, బల్లమీద ఆనిన చోటు తెలుస్తుంది. గోంగూర కట్ట అంత కుదరలేదు. ఆకులన్నీ విడివిడిగా వేశారు, కట్ట కనబడదు. వంకాయల నీడకి నలుపు వాడారు. యాక్రిలిక్ ఆరాక మరికాస్త ముదురుతుంది, దాంతో ఆ నీడ బల్లకి చిల్లు పడినట్టు తయారైంది. బర్న్ట్ సియెన్నా, అల్ట్రామెరీన్ కలిపి వేసి ఉంటే బాగుండేది.

ముఖాల దగ్గరే అసలు చిక్కు. ఐదింటిలో నాలుగు ఫొటోలు చూసి వేసినవి. పోలికలు కుదిరాయి, ఎవరైనా గుర్తుపడతారు. కానీ ఆ నవ్వు కెమేరా కోసం నవ్వింది, ఆ వెలుగు ఫ్లాషుది. ముక్కు పక్క నీడనీ చెంప గుంటనీ ఫ్లాషు చెరిపేశాక కుంచె వాటిని ఎక్కణ్ణుంచి తెస్తుంది? జాడీ ముందు అంత ఓపిగ్గా కూర్చున్నావిడ, అత్తగారి విషయానికొచ్చేసరికి ఫొటోని చూశారు గానీ మనిషిని చూడలేదు.

ఐదోది వాళ్ళ నాన్నగారిది. ఆయన విజిటర్ వీసా మీద వచ్చి ఉన్న ఆరు నెలల్లో, సెలవురోజు మధ్యాహ్నాలు ఎదురుగా కూర్చోబెట్టి వేసింది. మెడ పొడవైంది. చేతులు వెయ్యడం కష్టమని కండువా కింద దాచేశారు, ఆ సంగతి తెలిసిపోతూనే ఉంది. అయినా పన్నెండింటిలో ఇదే గొప్పది. చెవి కింద వదులైన చర్మం, కళ్ళజోడు నొక్కిన గుర్తు, నిద్ర ఆపుకుంటున్న రెప్పలు, అన్నీ దగ్గర కూర్చుని చూసినవే. జాడీలో కనుక్కున్న తెలుపే ఆయన జుట్టులోనూ ఉంది.

వస్తువు దగ్గర నేర్చింది మనిషి దగ్గర పనికిరావడం కొత్త సంగతేమీ కాదు. షార్డాన్ 1728లో ఫ్రెంచి అకాడెమీలో చేరింది జంతువులూ పళ్ళూ వేసేవాడిగా. అప్పటి లెక్కలో అది కిందిమెట్టు. ముసలితనంలో చూపు దెబ్బతిని పాస్టెల్స్ పట్టాడు, 1775లో తన ముఖం, భార్య ముఖం వేశాడు. గిన్నెలనీ పళ్ళనీ చూసిన కన్నే ఆ ముడతలనీ చూసింది. సెజాన్ 1899లో తన బొమ్మకోసం 115 సార్లు కూర్చోబెట్టాడనీ, కదిలితే యాపిల్‌లా కదలకుండా ఉండమని కోప్పడ్డాడనీ వొలార్ అనే చిత్రాల వ్యాపారి రాసుకున్నాడు. వినడానికి మొరటుగా ఉన్నా, యాపిల్‌కిచ్చినంత సమయం మనిషికీ ఇచ్చాడని దాని అర్థం.

మన ఇళ్ళల్లో ఆ సమయమే కరువు. ఫోన్లో ముఖాలు రోజూ చూస్తాం. అమ్మానాన్నలు వచ్చి ఆర్నెల్లుండి వెళ్ళిపోతారు, పిల్లలు పద్దెనిమిదేళ్ళకి కాలేజీ దారి పడతారు. అరగంటసేపు ఎదురెదురుగా ఊరికే కూర్చోవడానికి బొమ్మ ఒక మంచి సాకు.

ఈ మిత్రురాలి ఇంట్లో అబ్బాయి హైస్కూలు చివరి ఏడు చదువుతున్నాడు. ఫొటో చూసి వేసిన నాలుగింటిలో అతనిది ఒకటి. ఆ ఫొటో పక్కన పెట్టి, వెళ్ళిపోయేలోగా అతన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి మళ్ళీ వెయ్యమని నా సలహా. ఈసారి చేతులు దాచవద్దు.