గెట్, పోస్ట్ పద్ధతులు: పరీక్ష పట్టికపై ఒక విమర్శనాత్మక పరిశీలన

పరిచయం

వెబ్ పేజీలో ఫారం నింపి బటన్ నొక్కగానే అందులోని సమాచారం సర్వర్‌లో ఉన్న స్క్రిప్టుకు చేరుతుందని మీరు చదివారు. అది ఏ పద్ధతిలో వెళ్లాలో ఫారం ట్యాగులోని మెథడ్ అనే లక్షణం నిర్ణయిస్తుంది. గెట్, పోస్ట్ పద్ధతుల మధ్య తేడాలు రాయమనే ప్రశ్నకు గైడ్లలో ఒక పట్టిక దొరుకుతుంది. గెట్‌లో సమాచారం అడ్రస్ బార్‌లో కనిపిస్తుంది, పోస్ట్‌లో కనిపించదు. గెట్‌కు పరిమితి ఉంది, పోస్ట్‌కు లేదు. గెట్ సురక్షితం కాదు, పోస్ట్ సురక్షితం. వీటిలో మొదటిది నిజం. రెండోది సగం నిజం. మూడోదాన్ని నమ్మి ప్రోగ్రాం రాస్తే నష్టపోయేది మీ సైట్‌ను వాడేవారే.

కనిపించకపోతే భద్రమేనా?

పట్టికలో కొంత వాస్తవం లేకపోలేదు. గెట్ పద్ధతిలో పాస్‌వర్డ్ పంపితే అది యూఆర్ఎల్‌లో భాగమై బ్రౌజర్ హిస్టరీలోనూ, సర్వర్ లాగ్‌లోనూ మిగిలిపోతుంది. కాబట్టి లాగిన్ ఫారానికి పోస్ట్ వాడాలి. అయితే పోస్ట్ చేసేదల్లా సమాచారాన్ని యూఆర్ఎల్ నుంచి తీసి అభ్యర్థన లోపలి భాగంలో పెట్టడమే. సైట్ మామూలు హెచ్‌టీటీపీలో నడుస్తుంటే దారి మధ్యలో ఉన్నవారు ఆ పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టు చదవగలరు. దాన్ని కాపాడేది హెచ్‌టీటీపీఎస్. అది గెట్ అభ్యర్థనలోని సమాచారాన్ని కూడా ప్రయాణంలో ఎన్‌క్రిప్ట్ చేస్తుంది.

ఇంకో సంగతి గమనించండి. బ్రౌజర్‌లోని డెవలపర్ టూల్స్‌తో ఫారంలోని దాచిన గడుల విలువలను ఎవరైనా మార్చి పంపవచ్చు. ఫీజు మొత్తాన్ని దాచిన గడిలో పెట్టి, వచ్చిన విలువనే స్క్రిప్టు నమ్మితే పోస్ట్ వాడినా ప్రయోజనం లేదు. ఆ మొత్తాన్ని సర్వరే తన డేటాబేస్ నుంచి తీసుకోవాలి.

పరిమితి ఎంత?

గెట్‌కు నిర్దిష్టమైన గరిష్ఠ పరిమితిని హెచ్‌టీటీపీ ప్రమాణం విధించలేదు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ బ్రౌజర్ యూఆర్ఎల్‌ను 2083 అక్షరాలకు పరిమితం చేసింది. ఒక బ్రౌజర్ హద్దును పద్ధతి లక్షణంగా రాయడం సరికాదు. పోస్ట్‌కు కూడా సర్వర్‌లో హద్దు ఉంటుంది. పీహెచ్‌పీలో మార్చకుండా వదిలేస్తే అది 8 మెగాబైట్లు.

అయినా గెట్ వాడేటప్పుడు పొడవును పట్టించుకోవాలి, ముఖ్యంగా తెలుగులో. యూటీఎఫ్-8లో ఒక తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. యూఆర్ఎల్‌లో ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి 3 అక్షరాలవుతుంది. 'తెలుగు' అనే మాటలో గుణింతపు గుర్తులతో కలిపి 6 సంకేతాలున్నాయి. అది యూఆర్ఎల్‌లో 54 అక్షరాలవుతుంది.

పట్టిక వదిలేసిన తేడా

1995 నవంబరులో వెలువడిన హెచ్‌టీఎంఎల్ 2.0 ప్రమాణమే అసలు తేడాను చెప్పింది. ఫారం వల్ల శాశ్వతమైన మార్పేదీ జరగకపోతే గెట్ వాడాలి. డేటాబేస్‌లో మార్పు వంటిది జరిగితే పోస్ట్ వాడాలి. అంటే గెట్ అడగడానికి, పోస్ట్ మార్చడానికి. హాల్‌టికెట్ నంబరుతో ఫలితం చూడటం అడగడం. ఫీజు చెల్లించడం మార్చడం.

ఈ నియమాన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో 2005లో తెలిసివచ్చింది. ఆ ఏడాది మే నెలలో గూగుల్ సంస్థ వెబ్ యాక్సిలరేటర్ అనే సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేసింది. పేజీలోని లింకులను వాడుకరి నొక్కకముందే తెచ్చి ఉంచడం దాని పనుల్లో ఒకటి. కొన్ని సైట్లలో 'తొలగించు' అనేది మామూలు లింకుగా ఉండేది. లింకు తెరవడమంటే గెట్ అభ్యర్థనే. ఆ సాఫ్ట్‌వేర్ వాటిని కూడా తెరవడంతో వాడుకరులు దాచుకున్న సమాచారం వారికి తెలియకుండానే చెరిగిపోయింది. గెట్ వల్ల ఏ మార్పూ జరగదన్న నమ్మకంతోనే సెర్చ్ ఇంజిన్లు కూడా లింకులను తెరుస్తాయి. పోస్ట్ ఫలితపు పేజీని రిఫ్రెష్ చేస్తే సమాచారం మళ్లీ పంపాలా అని బ్రౌజర్ అడగడానికి కారణం కూడా ఈ తేడాయే.

సారాంశం

కంటికి కనిపించే లక్షణాలను పట్టిక వరసగా చెబుతుంది గాని, వాటి వెనుక ఉన్న కారణాన్ని చెప్పదు. పరీక్షలో పట్టిక రాయండి. కాని దానికి పైన 'అడగడానికి గెట్, మార్చడానికి పోస్ట్' అన్న వాక్యం చేర్చి, సురక్షితం అన్న మాటకు బదులు హిస్టరీ, లాగ్‌ల సంగతి రాయండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. గ్రంథాలయ సైట్‌లో పుస్తకాన్ని వెతికే ఫారానికి, పుస్తకాన్ని రిజర్వు చేసే ఫారానికి ఏ పద్ధతులు తగినవి? కారణాలు రాయండి.
2. పోస్ట్ వాడినంత మాత్రాన లాగిన్ ఫారం ఎందుకు సురక్షితం కాదు?