పక్షం రోజుల జట్టు

2015 జులై 20న లాస్ వేగస్‌లో శాన్ ఆంటోనియో స్పర్స్ జట్టు ఫీనిక్స్ సన్స్‌ని 93-90తో ఓడించి కప్పు గెలిచింది. మర్నాటికి ఆ జట్టు లేదు. గొడవలొచ్చి విడిపోలేదు, ఎవరూ రద్దు చేయలేదు. దాని ఆయుష్షే అంత. జులై మొదట్లో పుట్టి, నెల తిరక్కుండానే ఎవరి దారిన వాళ్లు పోయే జట్టది. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఏటా జులైలో నడిపే సమ్మర్ లీగ్‌లో ఆడే జట్లన్నీ ఇలాంటివే.

ఆ స్పర్స్ జట్టుకు కోచ్ బెకీ హామన్. ఎన్‌బీఏ సమ్మర్ లీగ్‌లో ఒక జట్టుకు హెడ్ కోచ్‌గా నిలబడిన తొలి మహిళ ఆమే. మొదటి మ్యాచ్‌లో న్యూయార్క్ నిక్స్ చేతిలో ఓడి, ఆఖరికి కప్పుతో బయటపడింది. ఫైనల్లో ఉత్తమ ఆటగాడిగా నిలిచిన జోనథన్ సిమన్స్ కథ ఇంకా విచిత్రం. 2012లో ఏ ఎన్‌బీఏ జట్టూ అతన్ని డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త ఆటగాళ్ల ఎంపికలో, తీసుకోలేదు. ఊరూ పేరూ లేని చిన్న లీగ్‌లో ఆడుతూ, 2013లో ఆస్టిన్‌లోని డి-లీగ్ (ఎన్‌బీఏ కింది స్థాయి లీగ్, ఇప్పటి పేరు జి-లీగ్) జట్టు బహిరంగ సెలక్షన్ పెడితే, 150 డాలర్లు ఫీజు కట్టి వరుసలో నిలబడ్డాడు. రెండేళ్లు తిరిగేసరికి స్పర్స్ అసలు జట్టులో చోటు సంపాదించాడు. 2017 ప్లేఆఫ్స్‌లో జట్టు స్టార్ కవై లెనర్డ్ గాయపడి కూర్చుంటే, హ్యూస్టన్‌తో నిర్ణాయక మ్యాచ్‌లో ఆ స్థానంలో దిగింది ఇతనే.

ఇలాంటి కథలు విని సమ్మర్ లీగ్‌ని అదృష్ట పరీక్ష అనుకుంటారు చాలామంది. నా ఉద్దేశంలో అది లాటరీ కాదు, ఒక పనితనం. ముక్కూ మొహం తెలియని పదిహేను మందిని నాలుగైదు రోజుల్లో జట్టుగా నిలబెట్టే విద్య అందులో ఉంది. దాని గురించి రాయాల్సినంత ఎవరూ రాయరు, ఎందుకంటే అది స్కోరు బోర్డు మీద కనిపించదు.

జూన్ చివర్లో డ్రాఫ్ట్ ముగుస్తుంది. స్టార్లంతా సెలవుల్లో ఉంటారు. ఆ సందులో ప్రతి ఫ్రాంచైజీ తన ప్రాక్టీసు హాల్లో చిన్న క్యాంపు పెడుతుంది. అక్కడికి వచ్చేవాళ్లను చూస్తే మొదట నవ్వొస్తుంది, తర్వాత జాలేస్తుంది. కొత్తగా డ్రాఫ్ట్ అయి కోట్ల డాలర్ల ఒప్పందం చేతికొచ్చిన పంతొమ్మిదేళ్ల కుర్రాడు ఉంటాడు. గడిచిన ఏడాదంతా బెంచీ మీదే కూర్చున్న రెండో సంవత్సరం ఆటగాడు ఉంటాడు. జి-లీగ్ బస్సుల్లో తిరిగి తిరిగి వచ్చినవాడూ, యూరప్‌లో ఏదో క్లబ్బుకు ఆడి వచ్చినవాడూ, జేబులో తిరుగు టికెట్టు తప్ప మరేమీ లేనివాడూ ఉంటారు. అందరూ ఒకే డ్రెస్సింగ్ రూములో బట్టలు మార్చుకుంటారు. ఎన్‌బీఏ జట్టులో పూర్తిస్థాయి చోట్లు పదిహేనే. వాటికి తోడు, జి-లీగ్‌కూ ఎన్‌బీఏకూ మధ్య తిప్పుకునే టూ-వే ఒప్పందాలు మూడు. ఆ లెక్క అందరికీ తెలుసు. ఇక ఎవడు ఎవడికి బంతి ఇస్తాడు?

సమ్మర్ లీగ్ కోచ్ ఎదుర్కొనే మొదటి చిక్కు ఇదే. పైగా ఆ కోచ్ కూడా పరీక్ష రాస్తున్నవాడే. అసలు జట్టు హెడ్ కోచ్ గ్యాలరీలో కూర్చుంటాడు, పగ్గాలు అసిస్టెంట్లలో ఒకరికి అప్పజెపుతాడు. ఎత్తుగడలకు పెట్టే పేర్లూ సైగలూ మాత్రం పెద్ద జట్టువే. అక్టోబరు దాకా నిలిచే ఇద్దరు ముగ్గురికైనా అవి అప్పటికే నోటికొచ్చి ఉండాలి కదా. అయితే పెద్ద జట్టు పుస్తకంలో ఉన్నవన్నీ నేర్పబోతే అంతా గందరగోళమే. తెలివైన కోచ్ నాలుగైదు ఎత్తుగడలు ఏరుకుని మిగతావి పక్కన పెట్టేస్తాడు. ఏది వదిలేయాలో తెలియడమే సగం విద్య.

మొదటి రోజుల్లో ఎక్కువ సమయం డిఫెన్స్‌కే పోతుంది. దాడికి ఒకరి అలవాట్లు ఇంకొకరికి తెలియాలి, దానికి నెలలు పడుతుంది. డిఫెన్స్‌కి కాళ్లూ నోరూ ఉంటే మొదలుపెట్టొచ్చు. పాతకాలం నుంచీ వస్తున్న షెల్ డ్రిల్ ఉంది. నలుగురు దాడి చేస్తారు, నలుగురు కాపలా కాస్తారు. మొదట్లో షాట్ కొట్టకూడదు, బంతి చేతులు మారుతుంటుందంతే. బంతి గాల్లో ఉండగానే నలుగురు డిఫెండర్లూ కదలాలి. అది అవతలివాడి చేతికి చేరాక కదిలితే ఆలస్యమైనట్టే. చూడటానికి స్కూలు పిల్లల కసరత్తులా ఉంటుంది. పది నిమిషాలు సరిగ్గా చేస్తే కాళ్లు పట్టేస్తాయి.

తర్వాత పిక్ అండ్ రోల్. నేటి ఎన్‌బీఏలో తిండీ నీళ్లూ అదే కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగుదాం. బంతి పట్టుకున్న గార్డ్‌ని ఒకడు కాస్తుంటాడు. అవతలి జట్టు పొడుగాటి సెంటర్ వచ్చి ఆ కాపలావాడి దారికి అడ్డంగా స్తంభంలా నిలబడతాడు. ఇది స్క్రీన్. గార్డ్ ఆ స్తంభాన్ని భుజంతో రాసుకుంటూ దూసుకుపోతాడు, స్తంభం గిర్రున తిరిగి రింగు వైపు పరుగెడుతుంది. ఇద్దరు డిఫెండర్ల మీదికి ఒక్క క్షణంలో రెండు ప్రమాదాలు వచ్చిపడతాయి. దీనికి ఎక్కువ జట్లు నేర్పే జవాబు ‘డ్రాప్’. మన సెంటర్ వెనక్కి జారి, బంతికీ రింగు వైపు పరుగెత్తేవాడికీ మధ్య ఊగిసలాడుతూ నిలబడతాడు. కాపలా గార్డ్ స్క్రీన్ పైనుంచి దూరి, బంతి ఉన్నవాడి వీపుకు అంటుకుని వెంటబడతాడు.

అందరూ చూసేది ఈ ఇద్దరినే. ఈ ఎత్తుగడ నిలిచేదీ కూలేదీ మాత్రం మూడోవాడి మీద. అతన్ని ‘లో మ్యాన్’ అంటారు. బంతికి అవతలి వైపు, మూలన నిలబడ్డ షూటర్ని కాస్తున్నవాడు. రింగు వైపు సెంటర్ పరుగెత్తుకొస్తుంటే, ఇతను తన మనిషిని వదిలి పెయింట్‌లోకి, అంటే రింగు ముందు రంగు వేసిన గడిలోకి, అడుగేసి, వచ్చేవాడికి ఛాతీ అడ్డం పెట్టి ఒక్క అరక్షణం ఆపాలి. ఈలోపు బంతి మూలకు పోతుంది. అప్పుడు ఉన్నపళాన వెనక్కి పరుగెత్తి, షూటర్ మొహం మీద చెయ్యి పెట్టాలి. అలాగని పెయింట్‌లోనే తిష్ట వేస్తానంటే కుదరదు. ఎవరినీ కాయకుండా మూడు సెకన్లు దాటి అక్కడ నిలబడితే ఎన్‌బీఏలో టెక్నికల్ ఫౌల్. కాలేజీ ఆటలో, అంతర్జాతీయ నిబంధనల్లో ఈ తప్పే లేదు. అందుకే అక్కడ గొప్ప డిఫెండర్లుగా పేరు తెచ్చుకున్నవాళ్లు కూడా మొదటి వారం ఇక్కడ తడబడతారు. కాళ్లకు పట్టిన పాత అలవాటు అంత తేలిగ్గా పోదు.

ఇంతా చేసి లో మ్యాన్‌కు స్కోరు షీటులో దక్కేది సున్నా. అతను బాగా ఆడితే ఏమీ జరగదు. పాస్ పడదు, డంక్ పడదు, మూల నుంచి షాట్ లేవదు. గ్యాలరీలో కూర్చున్న జనరల్ మేనేజర్ మాత్రం అది చూస్తాడు. స్టార్లున్న జట్టుకు పద్నాలుగో మనిషి కావాలంటే, ముప్ఫై పాయింట్లు కొట్టేవాడికన్నా ఈ పని చేసేవాడే దొరకడం కష్టం.

ఇక నోరు. స్క్రీన్ వస్తున్నది గార్డ్‌కి కనబడదు, అది అతని వీపు వెనక ఉంటుంది. వెనకున్న సెంటర్ ఎడమా కుడా, డ్రాపా స్విచ్చా (ఇద్దరూ కాపలాలు మార్చుకోవడమా) అన్నది ముందే అరిచి చెప్పాలి. స్క్రీన్ తగిలాక చెబితే చెప్పనట్టే లెక్క. ప్రాక్టీసులో కోచ్ ఆట ఆపేది ఎక్కువగా ఇక్కడే. కాలు తప్పిందని కాదు, మాట ఆలస్యమైందని. ఇరవై ఏళ్ల కుర్రాళ్లు కొత్తచోట బిడియంతో నోరు మెదపరు. సగం క్యాంపు ఆ బిడియం వదిలించడానికే సరిపోతుంది.

దాడి విషయంలో స్పర్స్‌కు పేరున్న పద్ధతి ఒకటుంది. వాళ్లు దాన్ని ‘పాయింట్ ఫైవ్’ అంటారు. అంటే అర సెకను. బంతి చేతికొచ్చిన అర సెకనులో షాట్, పాస్, డ్రిబుల్ ఈ మూడింట్లో ఒకటి తేల్చుకోవాలి. బంతి పట్టుకుని నిలబడి ఆలోచిస్తూ ఎదుటివాడిని ఊరించకూడదు. కోచ్ గ్రెగ్ పోపోవిచ్ కాలంలో అక్కడ వేళ్లూనుకున్న ఈ అలవాటు సమ్మర్ జట్టుకు రెండిందాల అక్కరకొస్తుంది. బంతి ఆగకపోతే డిఫెన్స్ కుదురుకోదు. అంతకన్నా ముఖ్యం, ఒక్కడు బంతిని ఉడుంపట్టు పట్టి తన ఉద్యోగం తానొక్కడే వెతుక్కునే జబ్బుకు ఇది మందు. నిజానికి ఈ లీగ్‌లో బతికి బట్టకట్టినవాళ్లలో ఎక్కువమంది తమను తాము చూపించుకోవాలని ఎగబడకుండా, చెప్పిన పని చేసి కళ్లలో పడ్డవాళ్లే.

నిబంధనలు కూడా నేర్చుకునేవాళ్ల కోసమే అన్నట్టుంటాయి. మ్యాచ్ 48 నిమిషాలు కాదు, 40. ఆరు ఫౌళ్లకు బయటికి పంపరు, పది దాకా ఆడనిస్తారు. కుర్ర సెంటర్ భయపడకుండా ప్రతి షాట్‌కీ ఎగిరి, తప్పులు చేసి, తిట్లు తిని, మళ్లీ ఎగరొచ్చు. కొత్త రూల్స్‌నూ ఎన్‌బీఏ ముందు ఇక్కడే ప్రయోగించి చూస్తుంటుంది. రిఫరీలకూ ఇది బడే.

నిజం చెప్పాలంటే, ఆట చూడటానికి అంత అందంగా ఉండదు. పాసులు గ్యాలరీలో పడతాయి, త్రీ పాయింటర్లు రింగుకు కూడా తగలవు. కాలేజీ గీత నుంచి 7.24 మీటర్ల ఎన్‌బీఏ గీతకు జరిగిన చేతులు కుదురుకోవడానికి టైమ్ పడుతుంది. ట్రే యంగ్ 2018లో మొదటి సమ్మర్ మ్యాచ్‌లో 20 షాట్లు కొట్టి నాలుగే వేశాడు. ఇంటర్నెట్ అంతా ఎగతాళి. తర్వాత అతను ఆల్‌స్టార్. 2012లో లాస్ వేగస్‌లో ఉత్తమ ఆటగాడి అవార్డు ఇద్దరికి పంచారు, డేమియన్ లిలార్డ్‌కీ జాష్ సెల్బీకీ. లిలార్డ్ ఆ తర్వాతి సీజన్‌లోనే రూకీ ఆఫ్ ది ఇయర్ అయ్యాడు. సెల్బీ ఆ సీజన్ పూర్తికాక ముందే ఎన్‌బీఏ నుంచి తెరమరుగయ్యాడు. ఇద్దరూ ఒకే జులైలో, ఒకే నేల మీద, ఒకేలా చెలరేగినవాళ్లే. జులై పాయింట్లు చూసి జాతకాలు చెప్పేవాళ్లకు ఈ జంట పేర్లు వినిపిస్తే చాలు.

2023లో ఆ ఏటి డ్రాఫ్ట్‌లో అందరికన్నా ముందు ఎంపికైన విక్టర్ వెంబన్యామా వచ్చినప్పుడు ఇదే తమాషా. అదే స్పర్స్ జట్టు, అదే లాస్ వేగస్. జులై 7న థామస్ అండ్ మ్యాక్ సెంటర్ కిక్కిరిసిపోయింది. ఆ కుర్రాడు 13 షాట్లలో రెండే వేశాడు, 9 పాయింట్లు. సోషల్ మీడియాలో పెదవి విరుపులు. ఐదు షాట్లు అడ్డుకున్నాడని కొద్దిమందే గమనించారు. రెండో మ్యాచ్‌లో 27 పాయింట్లు, 12 రీబౌండ్లు. అంతే, స్పర్స్ అతన్ని ఇంక ఆడించకుండా కూర్చోబెట్టేసింది. టికెట్లు కొన్నవాళ్లు గొణుక్కున్నారు గానీ, క్యాంపు లెక్కలో ఆ పని అయిపోయింది. అతని కాళ్లకు ఈ వేగం పరిచయం కావాలి, అయింది. మిగిలిన మ్యాచులు ఆ అవకాశం అవసరమైనవాళ్లవి.

2015 జులైలోనే, హామన్ జట్టు ఆడుతున్న అదే లాస్ వేగస్‌లో, డాలస్ మావెరిక్స్ జెర్సీతో పంజాబ్ కుర్రాడు సత్నామ్ సింగ్ కూడా దిగాడు. 52వ స్థానంలో ఎంపికై, ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో చోటు దక్కించుకున్న తొలి భారతీయుడు. ఏడడుగుల రెండంగుళాల మనిషి. మన పత్రికలన్నీ ఎత్తునే రాశాయి. కానీ అప్పటికి నెల క్రితమే గోల్డెన్ స్టేట్ వారియర్స్ సెంటర్ని బెంచీ మీద కూర్చోబెట్టి, పొట్టి జట్టుతో టైటిల్ కొట్టేసింది. లీగ్ అంతా చురుకైన కాళ్ల కోసం వెతకడం మొదలైంది. పైన చెప్పిన డ్రాప్‌లో వెనక్కి జారి, మళ్లీ ముందుకొచ్చి, పక్కకు తిరిగే పని భారీ మనిషికి కష్టం. సత్నామ్ ఎన్‌బీఏ మ్యాచ్ ఆడలేకపోయాడు. ఐదేళ్లు ముందు పుట్టి ఉంటే కథ వేరుగా ఉండేదేమో అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది. 2021లో ఇంకో పంజాబీ, ప్రిన్స్‌పాల్ సింగ్, సాక్రమెంటో కింగ్స్ సమ్మర్ జట్టులో ఉన్నాడు. ఫైనల్లో ఆ జట్టు బోస్టన్‌ని 100-67తో చిత్తు చేసింది.

2004లో ఆరు జట్లతో మొదలైన లాస్ వేగస్ లీగ్‌లో 2018 నుంచి ముప్ఫై జట్లూ ఆడుతున్నాయి. బయట నలభై డిగ్రీలు దాటిన ఎండ, లోపల ఏసీలో రెండు కోర్టులు, గ్యాలరీల్లో బేరాలాడే మేనేజర్లు. అక్కడ రాత్రి ఏడింటికి మొదలయ్యే మ్యాచ్ మనకు మర్నాడు పొద్దున ఏడున్నరకు వస్తుంది, కాఫీ టైముకి. చూసేవాళ్లకు నాదొక సలహా. బంతి ఎటు పోతే కళ్లు అటు పోనివ్వకండి. మూలన ఉన్నవాడి కాళ్లు చూడండి.

2017లో లేకర్స్ సమ్మర్ జట్టు మ్యాచ్‌లకు వచ్చినవాళ్లంతా కొత్త కుర్రాడు లాంజో బాల్‌ని చూడటానికే వచ్చారు. లీగ్ ఉత్తమ ఆటగాడూ అతనే. ఆఖర్లో లాంజో గాయపడి పక్కకు తప్పుకుంటే, అతని పని నెత్తినేసుకున్నది అలెక్స్ కరూసో. ఏడాది ముందు డ్రాఫ్ట్‌లో ఎవరూ ముట్టుకోనివాడు, డి-లీగ్ బస్సుల్లో వచ్చినవాడు. లేకర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టు చరిత్రలో తొలి టూ-వే ఒప్పందం కరూసో చేతికి వచ్చింది. మూడేళ్ల తర్వాత, 2020 అక్టోబరులో, టైటిల్ తేలే ఆరో ఫైనల్‌కి లేకర్స్ కోచ్ తన మొదటి ఐదుగురిలో ఒక సెంటర్ని తీసేసి ఇతన్ని దింపాడు. లేకర్స్ మయామీని ఓడించి ఛాంపియన్ అయింది. ఆ మ్యాచ్‌లో కరూసో కొట్టింది నాలుగు పాయింట్లు.