రెక్కలు ఊపితే చాలు

2022 మే నెలలో ఫ్లోరిడా తీరం మీదుగా వస్తున్న ఓ సెస్నా కారవాన్ పైలట్‌కి గాల్లోనే ఒంట్లో బాగోలేక స్పృహ తప్పింది. విమానం నడపడం రాని ప్రయాణికుడు రేడియో అందుకున్నాడు. విరామంలో పుస్తకం చదువుకుంటున్న ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ రాబర్ట్ మోర్గన్‌ని పరుగున పిలిపించారు. ఆయన ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టరే గానీ కారవాన్ ఎప్పుడూ నడపలేదు. దాని కాక్‌పిట్ ఫొటో ప్రింట్ తీసి ఎదురుగా పెట్టుకుని, ఒక్కో మాటే చెబుతూ, ఆ మనిషి చేతే పామ్ బీచ్‌లో విమానం దింపించారు. లోకమంతా మెచ్చుకుంది. నేనూ చప్పట్లు కొట్టాను. అయితే సెలవు దొరికితే చిన్న విమానం ఎక్కే నాలాంటివాళ్లు కంట్రోలర్లకు రుణపడింది అంతకంటే మామూలు విషయానికి.

నేను ఎగిరేది కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో నుంచి. రన్‌వే పొడవు 2,443 అడుగులే. శనివారం పొద్దున టవర్ ఫ్రీక్వెన్సీ సంతే. ఒకరు రన్‌వే చుట్టూ తిరుగుతూ ల్యాండింగులు సాధన చేస్తుంటారు, ఇంకొకరు శాన్ ఫ్రాన్సిస్కో చూడ్డానికి బయల్దేరుతుంటారు. ఆ సందడిలో ఓ కుర్రగొంతు విమానం నంబరు చెప్పి, చివర 'స్టూడెంట్ పైలట్' అని తగిలిస్తుంది. అలా చెప్పుకొమ్మని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ మాన్యువల్లోనే ఉంది. అప్పటిదాకా గుక్కతిప్పుకోకుండా మాట్లాడుతున్న కంట్రోలరమ్మ అక్కడ నిదానిస్తారు. గాలి ఎటుందో, ఎవరి వెనక రావాలో, ఏ రన్‌వేనో అన్నీ ఒక్కసారే గుమ్మరించరు. ఒకటి చెప్పి, అతను తిరిగి అప్పజెప్పేదాకా ఆగుతారు. తప్పు అప్పజెబితే సరైనది మళ్లీ చెబుతారు. గొంతులో విసుగు ఉండదు.

ఆవిడ స్వభావం ఎలాంటిదో నాకు తెలియదు. ఇది మాత్రం పనితనం. ఫ్రీక్వెన్సీలో అన్నది అందరికీ వినపడుతుంది. ఒకణ్ని కసిరితే వింటున్న పదిమందీ ఈసారి నోరు తెరవడానికి జంకుతారు. ఆ జంకు ఖరీదు ఎక్కువ. మీటర్లు మాత్రమే చూసి నడిపే శిక్షణ లేనివాళ్లు మబ్బుల్లో చిక్కుకుంటే ఏమవుతుందో 1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం పరీక్షించి చూసింది. సగటున 178 సెకన్లలో విమానం అదుపు తప్పింది. మూడు నిమిషాలైనా లేవు. అందులో ఓ నిమిషం 'అడిగితే ఏమనుకుంటారో' అన్న ఆలోచనకే పోతే మిగిలేదెంత?

అందరూ ఇంత ఓపికమంతులని చెప్పను. పెద్ద విమానాశ్రయాల్లో మన పొడే గిట్టని గొంతులూ తగులుతాయి. వాళ్లనీ పూర్తిగా తప్పుపట్టలేను. 140 నాట్ల మీద దూసుకొచ్చే జెట్ల మధ్యలో 65 నాట్ల సెస్నాను ఇరికించడం ఎవరికి సరదా? పైగా ఈ సేవకు మా దగ్గర పైసా ఫీజు తీసుకోరు, పెట్రోలు మీద పన్ను తప్ప.

వాళ్ల పనితనం అసలు చూడాలంటే జులై చివర్లో విస్కాన్సిన్‌లో జరిగే ఓష్‌కోష్ విమానాల పండగకి వెళ్లాలి. రిపన్ ఊరి నుంచి ఫిస్క్ దాకా రైలు పట్టాల మీదుగా, 1,800 అడుగుల ఎత్తున, 90 నాట్ల వేగంతో చిన్న విమానాలు అర మైలు ఎడంగా ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఫిస్క్ దగ్గర నేల మీద నిలబడ్డ కంట్రోలర్లు బైనాక్యులర్లతో వాటిని చూస్తుంటారు. విమానం నంబరు అడగరు. పైలట్ నోరు విప్పక్కర్లేదు. 'పసుపుపచ్చ హై వింగ్, రెక్కలు ఊపండి' అంటారు. ఊపగానే 'భలే ఊపారు' అని, ఏ రన్‌వేకి పోవాలో చెప్పేస్తారు. రన్‌వే మీద రంగుచుక్కలుంటాయి. ఆకుపచ్చ చుక్క మీద ఒకరిని దింపుతూనే వెనకాలవాళ్లకి ఇంకో చుక్క చూపిస్తారు. ఈ డ్యూటీ కోసం దేశం నలుమూలల నుంచి కంట్రోలర్లు పోటీపడి దరఖాస్తు పెట్టుకుంటారు.

ఆ వారం నేను ఫిస్క్ ఫ్రీక్వెన్సీని కంప్యూటర్లో పెట్టుకుని వింటూ పని చేసుకుంటాను. ముందున్న విమానానికి మరీ దగ్గరగా వచ్చినవాళ్లని పక్కకు తప్పుకుని, వెనక్కి పోయి, మళ్లీ రిపన్ దగ్గర వరసలో చేరమంటారు. అది చెప్పేదీ అదే హుషారు గొంతు. ఎవరూ ఎదురు చెప్పగా నేను వినలేదు. కాసేపటికి చుట్టూ తిరిగి వచ్చినవాళ్లకి కూడా 'భలే ఊపారు' వినిపిస్తుంది.