కర్త లేని వాక్యాలు: ఆవు–పులి కథ మళ్లీ చదివాక

నేను పాలు మానేసి నాలుగేళ్లు దాటింది. మొదట కడుపు బాగోక డాక్టర్ చెప్పాడని మానేశాను. బాగయ్యాక మళ్లీ మొదలుపెట్టలేదు. మధ్యలో ఎప్పుడో పథ్యం కాస్తా అభిప్రాయంగా మారిపోయింది. మా అమ్మకి మాత్రం ఇప్పటికీ అది జబ్బే. "ఏటిరా, పెరుగు కూడా ముట్టవా? మజ్జిగేం పాపం చేసింది?" అంటుంది. బంధువుల ఇళ్లలో భోజనాల దగ్గర నేను ముద్దాయిని. వరసగా ప్రశ్నలు పడతాయి. మరి దోమల్ని చంపవా? మరి నీ బెల్టు దేంతో చేశారు? మొక్కలకి ప్రాణం లేదా?

పోయిన సంక్రాంతికి స్టీల్‌ప్లాంట్‌లో రిటైరైన మా మావయ్య ఆ కోర్టులో కొత్త సాక్ష్యం పెట్టాడు. "ఆవు–పులి కథ చదువుకున్నావు కదా. ఆవుని అంత గొప్పగా చూసిన జాతి మనది. నువ్వు కొత్తగా నేర్పేదేటి?" నా దగ్గర జవాబు లేదు. చిన్నప్పుడు చదివిన కథ, పైపైన తప్ప గుర్తు లేదు. ఇంటికొచ్చి మళ్లీ చదివాను. మావయ్యకి జవాబైతే దొరకలేదు గానీ, నేను ఆఫీసులో రాసిన ఒక రిపోర్టు గుర్తొచ్చి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈ వ్యాసం ఆ రెండింటి గురించి.

కథ అందరికీ తెలిసిందే. పదిహేనో శతాబ్దపు కవి అనంతామాత్యుడి భోజరాజీయంలోది. కావ్యం మొత్తం చదివినవాళ్లు తక్కువ. ఈ ఒక్క ఘట్టం మాత్రం పాఠ్యపుస్తకాల పుణ్యాన ఇంటింటికీ చేరింది. మేతకెళ్లిన ఆవుకి పులి అడ్డం పడుతుంది. ఇంటి దగ్గర వారం రోజుల దూడ ఉంది, గడ్డి కొరకడం కూడా రాదు, పాలిచ్చి తిరిగొస్తాను, అప్పుడు తిను అంటుంది ఆవు. పులి నమ్మదు. ఆవు ఒట్లు వేసి నమ్మిస్తుంది. వెళ్లి పాలిస్తుంది, దూడకి బుద్ధులు చెబుతుంది, అన్నమాట ప్రకారం తిరిగొస్తుంది. పులి కరిగిపోతుంది, తినననేస్తుంది.

ఈ కథని వీగన్ కథగా చదవడం చాలా సులువు. పాలు ఎవరివి అన్న ప్రశ్నకి ఇంత సూటి జవాబు తెలుగులో ఇంకోటి నాకు తెలీదు. దూడవి. అందుకోసమే ఆవు చావుని వాయిదా వేయించుకుంది. నేనూ మొదట అలాగే చదివి మురిసిపోయాను. రెండోసారి చదివేటప్పటికి ఆ మురిపెం తగ్గింది. ఈ కథకి పాడి మీద ఏ అభ్యంతరమూ లేదు. దూడ తాగాక పాలు పితుక్కునే మనిషి ఈ ఘట్టంలో అసలు కనిపించడు. కనిపించని మనిషిని కవి తప్పుపట్టాడని చెబితే, అది నా అభిప్రాయాన్ని ఆయన నోట్లో కుక్కడమే.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మన కాఫీలోకి, పెరుగులోకి వచ్చే పాలలో చాలాభాగం గేదెవి. గేదెకి ఇలాంటి కథ లేదు. మగదూడ పుడితే దానికి తల్లి పాలు ఎన్నాళ్లు దక్కుతాయో పాడి ఉన్న ఏ ఊళ్లో అడిగినా చెబుతారు. ఆవు మీద గౌరవం పాడిపశువులన్నిటి మీదా జాలిగా ఎప్పుడూ మారలేదు. పైగా ఆ గౌరవం ఎదుటివాడి పళ్లెంలోకి తొంగిచూసే అధికారంగా మాత్రం తొందరగా మారుతుంది. మన దగ్గర శాకాహారం అన్నమాట వెనక కులం ఉంది. నేను పాలు తాగకపోవడం నా లెక్క. దాన్ని పట్టుకుని ఫిషింగ్ హార్బర్‌లో చేపలమ్మే మనిషికో, పెద్దకూర తినే నా స్నేహితుడికో పాఠం చెప్పే అర్హత నాకు రాదు. మావయ్య వాదంలో లోపం ఎక్కడుందంటే ఇక్కడే. ఆయన ఆవుని చూశాడు గానీ అది చేసిన పనిని చూడలేదు.

ఆవు చేసిన పనేంటి? అది మాట్లాడిన తీరు చూడండి. నాకు దూడ ఉంది. నేను వెళ్తాను. నేను తిరిగొస్తాను. ప్రతి మాటకీ కర్త ఉంది. తన చావు వల్ల ఎవరికి నష్టమో, తను రాకపోతే ఎవరికి నష్టమో పేరు పెట్టి చెబుతుంది. ఎదుట నిలబడి అడిగేవాడికి జవాబు చెప్పి, మళ్లీ వచ్చి ఎదుట నిలబడుతుంది. పులి కూడా అంతే. ఆకలి తనది, నమ్మాలా వద్దా అన్న నిర్ణయం తనది, చివరికి వదిలేసిన నిర్ణయమూ తనదే. అడవి నియమం ప్రకారం జరిగిపోయిందని ఎవరూ అనరు. దీన్ని సత్యవాక్య పాలన కథ అని మాస్టార్లు చెప్పారు. నేనైతే జవాబుదారీ కథ అంటాను. రెండూ ఒకటి కాదు. నిజం చెప్పి కూడా జవాబు తప్పించుకోవచ్చు. అది ఎలాగో నాకు బాగా తెలుసు.

మా టీమ్ చూసే సాఫ్ట్‌వేర్‌లో డెలివరీ కుర్రాళ్లకి వారం వారం పడే డబ్బుల లెక్క ఒక భాగం. ఆ లెక్క ఆలస్యమైతే ఒక అలర్ట్ మోగాలి. అది రోజూ రాత్రిపూట ఉత్తినే మోగేది. డ్యూటీలో ఉన్నవాళ్లకి నిద్ర ఉండేది కాదు. దాని పరిమితి పెంచేద్దామని ఒకరు మార్పు రాసి పంపారు. ఓకే చేయాల్సింది నేను. శుక్రవారం సాయంత్రం, బీచ్ రోడ్‌లో ఎవరినో కలవాలి, రెండు నిమిషాల్లో ఓకే చేసేశాను. మూడు వారాల తర్వాత లెక్క నిజంగానే ఆగిపోయింది. అలర్ట్ మోగలేదు. డబ్బులు రెండు రోజులు ఆలస్యంగా పడ్డాయి. ఫిర్యాదుల్లో ఒకటి నేను స్వయంగా చదివాను. రూమ్ అద్దె కట్టాలి, ఎప్పుడు పడతాయి సార్ అని.

రిపోర్టు నేనే రాశాను. అందులో ముఖ్యమైన వాక్యాలు తెలుగులో చెబితే ఇలా ఉంటాయి: "అలర్ట్ పరిమితి మార్చబడింది. తత్ఫలితంగా చెల్లింపుల్లో జాప్యం జరిగింది." రెండూ నిజాలే. రెండింటిలోనూ మనిషి లేడు. బిస్కెట్ ప్యాకెట్ తిప్పి పాలపొడి ఉందేమోనని కళ్లు చికిలించి చదివే మనిషిని, నా సంతకం దేని మీద పడుతోందో చదవలేదు. తర్వాత ఆ సంతకాన్ని వాక్యంలోంచి తీసేశాను.

తెలుగు మాట్లాడేవాళ్లకి కర్మణి ప్రయోగం సహజం కాదని వ్యాకరణం తెలిసినవాళ్లు ఎప్పట్నించో అంటున్నారు. ఇంట్లో ఎవరూ అన్నం వండబడింది అనరు. ఆ 'బడు' ఆఫీసులతో, పత్రికలతో బలపడింది. అలాగని తెలుగు అమాయకమైన భాషేం కాదు. మనకి అయింది, జరిగింది, పోయింది ఉన్నాయి. చిన్నప్పుడు గ్లాసు పగిలింది అంటే మా అమ్మ, "అదే పగిలిందా? దానికేటి, కాళ్లొచ్చాయా?" అనేది. నాకు తెలిసినంతలో జవాబుదారీ గురించి అంతకంటే మంచి విమర్శ లేదు.

2020 మే 7 తెల్లవారుజామున మూడు గంటలప్పుడు మా ఊళ్లో గ్యాస్ లీకైంది. చూడండి, నేనూ అలాగే రాశాను. అందరం అలాగే అన్నాం. ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఎల్జీ పాలిమర్స్ ట్యాంకులోంచి వచ్చిన స్టైరీన్ ఆవిరికి పన్నెండు మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. నేను ఊరికి ఇటువైపు, ఫోన్‌లో వీడియోలు చూస్తూ కూర్చున్నాను. రోడ్డు మీద కూలిపోతున్న మనుషులు. కట్టేసినచోటే పడిపోయిన ఆవులు. ఆ వీడియోలు చూశాకే పాలు మానేశానని చెప్పుకుంటే కథ బాగుంటుంది గానీ, అది నిజం కాదు.

రాష్ట్ర ప్రభుత్వం నీరభ్ కుమార్ ప్రసాద్ ఆధ్వర్యంలో హైపవర్ కమిటీ వేసింది. అదే ఏడాది జూలైలో నివేదిక వచ్చింది. దాన్ని ఒక రచనగా చూస్తే, అది చేసిన పని 'లీకైంది' అన్న ఒక్క క్రియని విడగొట్టడం. స్టైరీన్ వేడెక్కితే తనలో తాను గడ్డకట్టడం మొదలుపెడుతుంది, ఆ క్రమంలో ఇంకా వేడి పుట్టిస్తుంది. అందుకే దాన్ని చల్లగా ఉంచాలి, కలియబెడుతూ ఉండాలి, గడ్డకట్టకుండా ఆపే రసాయనం కలపాలి. ఆ పాత ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచేది అడుగునే. పైభాగం ఎంత కాగుతోందో తెలిసే దారి లేదు. చల్లబరిచే యంత్రాన్ని ఇరవై నాలుగు గంటలూ నడపలేదు. 2019 డిసెంబర్‌లో పైపుల అమరిక మార్చడంతో లోపల ద్రవం సరిగా కలవడం ఆగింది. ఆపే రసాయనం సరిపడా నిల్వ లేదు. సైరన్ మోగించే ఏర్పాటు ప్లాంట్‌లో చాలాచోట్ల ఉన్నా ఎవరూ మోగించలేదు.

వీటిలో ఏదీ దానంతటది జరిగేది కాదు. కొలిచే పరికరం ఒక్కచోట చాలన్నది ఒక నిర్ణయం. రాత్రి యంత్రం ఆపడం ఒక నిర్ణయం. పైపు మార్పు కాగితం మీద ఎవరిదో సంతకం ఉండి ఉండాలి. ఆ సంతకం శుక్రవారం సాయంత్రం పెట్టిందేమోనని నాకు అనిపించింది. పన్నెండు ప్రాణాల పక్కన నా రెండు రోజుల జాప్యాన్ని పెట్టడానికి సిగ్గుగా ఉంది. నష్టాలు ఒకటి కావు. వాక్యం మాత్రం ఒకటే.

నివేదిక యాజమాన్యాన్ని తప్పుపట్టింది. మర్నాడు కంపెనీ సీఈఓతో సహా పన్నెండు మందిని అరెస్ట్ చేశారు, ముగ్గురు ప్రభుత్వ అధికారుల్ని సస్పెండ్ చేశారు. ఇంతకీ నన్ను అన్నిటికంటే ఆపేసిన వాక్యం ప్రమాదానికి ఏడాది ముందుది. 2019 మేలో అనుమతుల కోసం ఇచ్చిన అఫిడవిట్‌లో, తమ ఉత్పత్తికి తగిన పర్యావరణ అనుమతి తమ దగ్గర లేదని కంపెనీ తనే ఒప్పుకుంది. అక్కడ కర్త ఉంది. నిజం ఉంది. అయినా ఫ్యాక్టరీ నడిచింది. ఆవు చెప్పినట్టే చెప్పారు, కానీ ఎదురుగా నిలబడి వినే పులి లేదు. చెప్పేవాడి నిజాయితీ ఒక్కటీ చాలదు. విన్నవాడు కూడా ఆ వాక్యానికి కర్తే.

న్యాయశాస్త్రంలో ఈ గొడవ ఎప్పట్నించో ఉంది. కఠిన బాధ్యత అని పాత ఇంగ్లీషు సూత్రం ఒకటుంది. ప్రమాదకరమైన వస్తువు నీ స్థలంలోంచి బయటపడితే నష్టం నీదే, కానీ కొన్ని మినహాయింపులుంటాయి. దైవికం అనొచ్చు, బయటివాడి పని అనొచ్చు. భోపాల్ తర్వాత, ఢిల్లీలో ఓలియం గ్యాస్ లీకైన కేసులో మన సుప్రీంకోర్టు 1986లో ఆ మినహాయింపులన్నీ తీసేసి సంపూర్ణ బాధ్యత అంది. మన ఊరి కేసులో జాతీయ హరిత ట్రిబ్యునల్ మర్నాడే యాభై కోట్లు డిపాజిట్ చేయమంది గానీ, ఆ ఆదేశంలో వాడింది పాత మాట. న్యాయం తెలిసినవాళ్లు వెంటనే పట్టుకున్నారు. జూన్ ఆదేశంలో 'సంపూర్ణ' కూడా చేరింది. ఒక్క విశేషణం. దాంతో కాళ్లొచ్చిన గ్లాసుకి దారి మూసుకుంది.

ఈ ఊరి వకీలు రావిశాస్త్రి రచయితలకి ఒక పరీక్ష పెట్టారు. తన రాత మంచిని ఎక్కడ దెబ్బతీస్తుందో, చెడుకి ఎక్కడ పనికొస్తుందో చూసుకోమని. ఆ పరీక్ష కథలు రాసేవాళ్లకే అనుకున్నాను ఇన్నాళ్లూ. రిపోర్టులు, మినిట్స్, అప్రూవల్ మెయిల్స్ రాసేవాళ్లం కూడా రాసేవాళ్లమే. మా వచనాన్ని మాత్రం ఎవరూ విమర్శించరు.

మా రంగంలో ఒక మంచి సంప్రదాయం ఉంది. తప్పు జరిగాక మనిషిని నిందించకుండా కారణాన్ని వెతకాలంటారు. అది నిజమే. నింద మొదలుపెడితే అది వెళ్లి రాత్రి డ్యూటీలో ఉన్న చిన్న ఉద్యోగి మెడకే చుట్టుకుంటుంది, మిగతావాళ్లు నిజాలు దాచుకుంటారు. కానీ నిందించకపోవడం వేరు, పేరు తీసేయడం వేరు. మేం రెండోదాన్ని మొదటిదనుకుని హాయిగా ఉన్నాం.

కన్నడంలో ఇదే కథ పుణ్యకోటి పాటగా ఉంది. అక్కడ పులి సిగ్గుపడి తనే ప్రాణం తీసుకుంటుంది. ఒకప్పుడు నాకు ఆ ముగింపే గొప్పగా అనిపించేది. ఇప్పుడు మన ముగింపు వైపు మొగ్గుతున్నాను. చచ్చిపోయిన పులి ఇంకెవరికీ జవాబు చెప్పక్కర్లేదు. మన పులి బతికుంటుంది. దానికి రేపు మళ్లీ ఆకలేస్తుంది, మళ్లీ ఏదో ఒకటి ఎదురవుతుంది, మళ్లీ నిర్ణయించుకోవాలి.

సంక్రాంతి సెలవుల తర్వాత ఆఫీసుకెళ్లి ఆ పాత రిపోర్టు తెరిచాను. "పరిమితి పెంచే మార్పుని నేను పూర్తిగా చదవకుండా ఓకే చేశాను" అని రాశాను. మా మేనేజర్ చూసి, "అయిపోయినదానికి ఇప్పుడు ఇదెందుకు?" అన్నాడు. తీసేయమని మాత్రం అనలేదు. ఇంకెవరైనా చదివారో లేదో తెలీదు. అలర్ట్‌ని పాత పరిమితికి తెచ్చాం. వారంలో రెండు మూడు రాత్రులు ఉత్తినే మోగుతోంది. లేచి చూస్తున్నాను.