మైనపు దిమ్మెలో ముక్క

బాగేపల్లిలోనో చింతామణిలోనో ఒకామె రొమ్ములో గడ్డ తగిలి ఆసుపత్రికి వెళ్తే, "ముక్క తీసి పరీక్షకు పంపుదాం" అంటారు. ఆ ముక్కను చదివే పాథాలజిస్టును ఆమె బహుశా ఎప్పటికీ చూడదు. ఏ మందు ఇవ్వాలో తేలేది మాత్రం ఆ చదువుతోనే.

పని సీసాలోనే మొదలవుతుంది. సూదితో తీసిన ముక్క అగ్గిపుల్ల కన్నా సన్నం. గంటలోపే అది ఫార్మలిన్‌లో పడాలి. అందులో 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలు దాటకుండా నానాలి. ఆలస్యమైతే కణాల్లోని ప్రోటీన్లు చెడిపోయి, ఉన్న గుర్తులు కూడా లేనట్టే కనిపిస్తాయి. అందుకే బాగేపల్లి నుంచి బెంగళూరు దాకా పోయే సీసా మీద, ముక్క తీసిన వేళ రాసి ఉండడం చికిత్సలో భాగమే.

ఆపరేషన్‌లో తీసిన గడ్డ వస్తే, సర్జన్ కట్టిన దారాలను బట్టి ఏది పైవైపో, ఏది పక్కో గుర్తుపట్టి, ఒక్కో వైపుకు ఒక్కో రంగు సిరా పూస్తారు. తర్వాత కోసి చూస్తారు. మైక్రోస్కోపు కింద క్యాన్సర్ కణాలకు ఆ సిరా అంటుకుని కనిపిస్తే, గడ్డ అంచుదాకా వచ్చిందన్నమాట. ఏ వైపునో రంగే చెబుతుంది.

ముక్కలోని నీటిని ఆల్కహాల్ లాగేస్తుంది, ఆల్కహాల్‌ను జైలీన్ తొలగిస్తుంది, ఖాళీ అయిన చోట కరిగిన మైనం చేరుతుంది. గట్టిపడిన దిమ్మెను మైక్రోటోమ్ మీద 3, 4 మైక్రాన్ల మందాన కోస్తారు. పొరలు ఒకదానికొకటి అంటుకుని రిబ్బనులా వస్తాయి. వాటిని గోరువెచ్చని నీటి మీద పరిచి, ముడత లేకుండా గాజుపలక మీదికి ఎత్తుతారు. చిక్కబళ్లాపురం నుంచి చింతామణి వెళ్లే దారిలో, శిడ్లఘట్టలో వేడినీళ్లలోని పట్టుగూళ్ల నుంచి దారం లాగే చేతులను చూసినవాళ్లకు ఈ ఓపిక తెలుసు. ఈ పొర ఆ పట్టుపోగు కన్నా పలచన.

రంగు వేశాక లెక్క. కణాలు ఎంతవరకు గొట్టాలుగా అమరాయి, కేంద్రకాలు ఎంత వికారంగా ఉన్నాయి, ఎన్ని విభజనలో ఉన్నాయి: ఒక్కోదానికి 1 నుంచి 3 మార్కులు. మొత్తం 5 దాకా మొదటి గ్రేడు, 6, 7 రెండోది, 8, 9 మూడోది.

తర్వాత ఈఆర్, పీఆర్ అనే హార్మోను గుర్తులకు, హెర్2 అనే ప్రోటీనుకు పరీక్షలు. ఆ హార్మోను గుర్తులున్న కేంద్రకాలు గోధుమరంగుకు తిరుగుతాయి. నూటికి ఒక్కటి తిరిగినా ఈఆర్ ఉన్నట్టే, హార్మోను మాత్రలకు దారి ఉన్నట్టే. ఈ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇక్కడే ఉంది. గడ్డలో రంగు కనిపించకపోతే పాథాలజిస్టు వెంటనే లేదని రాయరు. అదే పలకలో పక్కనున్న మామూలు పాలనాళాన్ని చూస్తారు. దానికి సహజంగానే కొంత రంగు రావాలి. దానికీ ఆ రంగు రాకపోతే తప్పు పరీక్షది, మళ్లీ చేయాలి. రోగి సొంత ఆరోగ్యమే రోగానికి సాక్షి. హెర్2 మార్కు 3 వస్తే అది ఉన్నట్టు. 2 వస్తే తొందరపడరు, దాని జన్యువు ప్రతులను లెక్కబెట్టే ఫిష్ పరీక్ష చేయిస్తారు.

పలకలు తయారయ్యాక కూడా దిమ్మె మిగులుతుంది. కొత్త మందు వచ్చి కొత్త ప్రశ్న పుడితే, ఏళ్ల తర్వాతైనా మరో పొర కోయవచ్చు. బెంగళూరులోని కిద్వాయి క్యాన్సర్ ఆసుపత్రికో మరో చోటికో రెండో అభిప్రాయానికి వెళ్లేవాళ్ల చేతికి ఈ దిమ్మెనే ఇస్తారు. మైనం 60 డిగ్రీల దరిదాపుల్లో కరుగుతుంది. ఎండాకాలం బస్సులో కిటికీ పక్కన పెట్టకుండా, సంచి లోపల, బట్టల మధ్య పెట్టుకుని తీసుకెళ్లాలి.